క్యాంపింగ్‌కి ఏ లైట్లు తీసుకోవాలి? లో-వోల్టేజ్ దీపాల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

క్యాంపింగ్ లైటు కొనేవాళ్లలో చాలామంది ముందుగా చూసేది డబ్బా మీద పెద్దక్షరాలతో వేసిన ల్యూమెన్ల అంకె, అంటే లైటు మొత్తం ఇచ్చే వెలుతురు కొలత. నన్నడిగితే దాన్ని అన్నిటికంటే చివర్లో చూడాలి. ఆ వెలుతురులో ఏం పని చేసుకోబోతున్నారు, దానికి కరెంటు ఎక్కడి నుంచి తెస్తారు అన్న రెండూ తేలాక, ఎంత వెలుతురు కావాలో దానంతటదే తేలిపోతుంది. సాధారణంగా మనకి కావలసింది అనుకున్నదానికంటే చాలా తక్కువే ఉంటుంది.

లో-వోల్టేజ్ లైట్లు అంటే ఎన్ని వోల్టులవి?

క్యాంపింగ్‌లో వాడే లైట్లు దాదాపు అన్నీ 12 వోల్టులు, అంతకు లోపు. ఏఏ సైజు పెన్సిల్ సెల్లు ఒక్కొక్కటి 1.5 వోల్టులు, అదే సైజులో రీచార్జ్ అయ్యే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లు 1.2 వోల్టులు. లిథియం అయాన్ సెల్లు 3.7 వోల్టులు, ఫుల్ ఛార్జ్‌లో ఉంటే 4.2. యూఎస్‌బీ తీగలో వచ్చేది 5 వోల్టులు. కారు బ్యాటరీ 12 వోల్టులంటారు గానీ ఇంజన్ నడుస్తున్నప్పుడు 14 దాటుతుంది. తెల్ల ఎల్‌ఈడీకి మాత్రం వీటిలో ఏది ఇచ్చినా కావలసింది సుమారు 3 వోల్టులే. ఆ తేడా సర్దడానికి లైటు లోపల ఒక చిన్న సర్క్యూట్ ఉంటుంది. మంచి లైటుకీ నాసిరకం లైటుకీ అసలు తేడా చాలావరకు ఆ సర్క్యూట్‌లోనే ఉంటుంది.

నాకు ఎన్ని ల్యూమెన్లు కావాలి?

పాతకాలపు 60 వాట్ల ఫిలమెంట్ బల్బు ఇచ్చే వెలుతురు సుమారు 800 ల్యూమెన్లు. ఒక గది మొత్తానికి అది సరిపోయేది. ఇద్దరు పడుకునే టెంటు అందులో ఎన్నో వంతు ఉంటుందో ఊహించుకోండి. లోపల బట్టలు సర్దుకోవడానికి, పుస్తకం చదువుకోవడానికి 30 నుంచి 60 ల్యూమెన్లు చాలు. నలుగురు చుట్టూ కూర్చునే బల్లకి 100, 150. కత్తితో కూరగాయలు తరిగి పొయ్యి దగ్గర వండేచోట 200 నుంచి 300. చదునైన బాటలో నడవడానికి తలకి కట్టుకునే లైటు (హెడ్‌ల్యాంప్) 50 నుంచి 100 ఇస్తే నడక సాగిపోతుంది. రాళ్లూ గుంటలూ ఉన్న దారైతే 200 దాకా ఉంచుకోవాలి.

వెయ్యి ల్యూమెన్ల లాంతరు చిన్న టెంటులో వేలాడదీస్తే ఎవరూ దాని వైపు చూడలేరు. పైగా రెట్టింపు ల్యూమెన్లు కంటికి రెట్టింపు వెలుగుగా అనిపించవు, కానీ బ్యాటరీని మాత్రం రెట్టింపు వేగంతో తినేస్తాయి.

అందుకే కొనేముందు గరిష్ఠం ఎంత అని కాకుండా కనిష్ఠం ఎంత అని చూడండి. 5 ల్యూమెన్లకో అంతకు తక్కువకో దిగే లైటు రాత్రంతా ఒక మూల వెలుగుతూ ఉంటుంది, నిద్ర చెడదు, చీకటంటే భయపడే పిల్లలకి ధైర్యం. కనిష్ఠమే 100 అయితే ఆ లైటు టెంటు లోపలికి పనికిరాదు.

డబ్బా మీద "100 గంటలు వెలుగుతుంది" అని ఉంది. నమ్మొచ్చా?

ఏ సెట్టింగ్‌లో, ఎలా కొలిచిన 100 గంటలు అని అడగాలి. టార్చిలైట్లకీ హెడ్‌ల్యాంపులకీ ఎఫ్‌ఎల్1 అనే ప్రమాణం ఒకటి 2009లో వచ్చింది. మంచి కంపెనీలు చాలావరకు దాన్నే పాటిస్తాయి. ఆ ప్రమాణంలో లైటు వేసిన 30 సెకన్లకి వెలుతురు కొలుస్తారు. అది పదో వంతుకి పడిపోయే వరకు పట్టిన సమయమే "రన్‌టైమ్". అంటే 300 ల్యూమెన్ల లైటు 10 గంటలు వస్తుందని రాశారంటే, పదో గంటలో మీకు మిగిలేది 30 ల్యూమెన్లు. అందులో అబద్ధమేమీ లేదు, కానీ చదివేవాళ్లకి కలిగే అభిప్రాయం వేరు.

మరికొన్ని లైట్లు మొదటి కొన్ని నిమిషాలు గట్టిగా వెలిగి, వేడెక్కగానే వాటంతటవే సగానికి తగ్గిపోతాయి. కంపెనీవాళ్లు వెలుతురు తగ్గే తీరును గ్రాఫ్ రూపంలో ఇస్తే దాన్ని చూడండి. గీత చాలాసేపు చదునుగా ఉండి చివర్లో పడిపోతే అది నిలకడైన లైటు.

గ్రాఫ్ లేకపోయినా మీరే లెక్క కట్టొచ్చు. మంచి ఎల్‌ఈడీ లైటు ఒక వాట్‌కి సుమారు 100 ల్యూమెన్లు ఇస్తుంది. 2600 మిల్లీఆంపియర్ అవర్లు, అంటే 2.6 ఆంపియర్ అవర్ల లిథియం అయాన్ సెల్లుని 3.7 వోల్టులతో గుణిస్తే దాదాపు 9.6 వాట్ అవర్లు వస్తాయి (ఒక వాట్ అవర్ అంటే ఒక వాట్ లైటు గంటసేపు వెలగడానికి పట్టే శక్తి). 300 ల్యూమెన్లకి 3 వాట్లు కావాలి కాబట్టి 9.6ని 3తో భాగించండి, మూడు గంటల పైచిలుకు వస్తుంది. అదే సెల్లు పెట్టి "300 ల్యూమెన్లు, 12 గంటలు" అని రాశారంటే మొదట్లో ఉన్న వెలుతురు చివరిదాకా ఉండదని డబ్బా తెరవకుండానే తెలిసిపోతుంది.

మిల్లీఆంపియర్ అవర్లు చూడాలా, వాట్ అవర్లు చూడాలా?

వాట్ అవర్లే చూడాలి. మిల్లీఆంపియర్ అవర్ల అంకె పక్కన ఎన్ని వోల్టుల దగ్గరో లేకపోతే దాన్ని బట్టి వేర్వేరు రకాల బ్యాటరీలను పోల్చలేం. 10,000 మిల్లీఆంపియర్ అవర్ల పవర్ బ్యాంక్ లోపలి సెల్లు 3.7 వోల్టులది కాబట్టి అందులో ఉన్నది 37 వాట్ అవర్లు. దాన్ని 5 వోల్టులకి పెంచి బయటికి పంపేటప్పుడు కొంత వేడిగా పోతుంది. చేతికొచ్చేది 30 చుట్టూ ఉంటుందనుకుని ప్లాన్ చేసుకోండి.

నలుగురు రెండు రాత్రులు ఉంటారనుకుందాం. వంట దగ్గర 3 వాట్ల లైటు రెండు గంటలు, అంటే 6 వాట్ అవర్లు. బల్ల దగ్గర 1 వాట్ లాంతరు నాలుగు గంటలు, ఇంకో 4. రాత్రంతా టెంటులో 0.2 వాట్ల చిరుదీపం ఎనిమిది గంటలు, 1.6. రాత్రికి 12 కూడా కాలేదు. రెండు రాత్రులకి 24లోపే. ఆ ఒక్క పవర్ బ్యాంకే లైట్లన్నిటికీ సరిపోతుంది, ఫోన్లు దాని మీద పడకుండా చూసుకుంటే చాలు.

ఏ రకం బ్యాటరీ ఉన్న లైటు మంచిది?

లోపలే బిగించిన బ్యాటరీతో యూఎస్‌బీ ద్వారా ఛార్జ్ అయ్యే లైట్లు ఒకటి రెండు రాత్రుల ప్రయాణానికి హాయిగా ఉంటాయి. వాటి ఇబ్బంది కొన్నేళ్ల తర్వాత మొదలవుతుంది. లోపలి సెల్లు నీరసించాక మార్చే వీలుండదు, బాగున్న లైటుని పారేయాల్సి వస్తుంది. సెల్లు బయటికి తీసి మార్చుకోగలిగే లైటునే నేను ఎప్పుడూ ముందు పెడతాను.

అలా మార్చుకునేవాటిలో ఎక్కువగా దొరికేవి 18650 సెల్లులు. 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు, అందుకే ఆ పేరు. ఈ సైజులో నిజాయితీగా తయారయ్యే సెల్లు సామర్థ్యం సాధారణంగా సుమారు 3500 మిల్లీఆంపియర్ అవర్ల దగ్గర ఆగిపోతుంది. 9900 అని రాసి ఉంటే అది మోసం, ముట్టుకోవద్దు. పాత ల్యాప్‌టాప్ ప్యాకుల నుంచి ఊడదీసినవీ వద్దు. విడి సెల్లుల్ని తాళాలతో, చిల్లరతో కలిపి జేబులో వేసుకోకూడదు. లోహం తగిలి రెండు కొనలూ కలిస్తే క్షణాల్లో కాలేంత వేడెక్కుతాయి. వాటికి వచ్చే ప్లాస్టిక్ పెట్టెలు చిన్నవే అయినా తప్పనిసరి.

పెన్సిల్ సెల్లుల లైట్లని పాతవని తీసిపారేయొద్దు. ఛార్జింగ్ దొరకనిచోట వారం రోజులుండాలంటే సంచిలో ఒక ప్యాకెట్ వేసుకుంటే అయిపోతుంది. పాతవీ కొత్తవీ, వేర్వేరు రకాలవీ మాత్రం కలిపి వేయకూడదు. బలహీనమైన సెల్లు అడుగంటిపోయాక మిగతావి దాన్ని ఇంకా లాగుతాయి, అది కారి లైటుని పాడుచేస్తుంది.

నాలుగైదు లైట్లతో పెద్ద క్యాంపు వేస్తే 12 వోల్టుల బ్యాటరీ బాగుంటుంది. 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీలో కాగితం మీద 84 వాట్ అవర్లు ఉంటాయి. సగానికి మించి వాడితే దాని ఆయుష్షు తగ్గుతుంది కాబట్టి 42 అనుకోండి. బరువు రెండు కిలోల పైనే. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ దాదాపు అంతే సామర్థ్యంలో కిలో అటూ ఇటూగా తూగుతుంది, అందులో ఉన్నదంతా ఇంచుమించు వాడుకోవచ్చు. ఖరీదు ఎక్కువే. ఏటా నాలుగైదుసార్లు వెళ్లేవాళ్లకి ఆ ఖర్చు వృథా కాదు. దానికి తగిన ఛార్జర్‌నే వాడాలి, లెడ్ యాసిడ్‌ది కాదు.

లైటు బాగానే ఉంది, పవర్ బ్యాంకూ నిండుగా ఉంది. కాసేపటికి ఆరిపోతోంది. ఎందుకు?

చాలా పవర్ బ్యాంకులు ఫోన్ల కోసం తయారైనవి. బయటికి పోయే కరెంటు బాగా తగ్గితే ఫోన్ నిండిపోయిందనుకుని ఆపేసుకుంటాయి. చిన్న దీపాల తోరణమో, కనిష్ఠంలో ఉన్న లాంతరో తీసుకునే కరెంటు ఆ హద్దు కంటే తక్కువ ఉంటుంది. వెలుతురు ఒక మెట్టు పెంచి చూడండి. లేదా అదే పవర్ బ్యాంక్‌కి ఇంకో చిన్న లైటు కూడా తగిలించండి. ఇయర్‌ఫోన్లు, గడియారాలు ఛార్జ్ చేయడానికని తక్కువ కరెంటు మోడ్ ఉన్న పవర్ బ్యాంకులు వస్తున్నాయి, వాటితో ఈ బాధ లేదు. ఏదైనా సరే, బయల్దేరే ముందు ఇంట్లో ఒక రాత్రి వెలిగించి చూసుకోవాలి.

కారు బ్యాటరీ నుంచి లైట్లు వెలిగించుకోవచ్చా?

5 వాట్ల ఎల్‌ఈడీ లైటు 12 వోల్టుల దగ్గర అర ఆంపియర్ కూడా తీసుకోదు. ఆరోగ్యంగా ఉన్న కారు బ్యాటరీకి ఒక సాయంత్రం అది లెక్కలోది కాదు. బెడద వచ్చేది కారులోని అదే సాకెట్‌కి కూలర్ బాక్సు, ఫ్యాను, ఫోన్లు కూడా తగిలించినప్పుడు. తెల్లారి ఇంజన్ స్టార్ట్ అవ్వాల్సిన బ్యాటరీ అది. ఊరికి దూరంగా ఉన్నచోట లైట్లకి విడి బ్యాటరీ పెట్టుకోవడమే మేలు.

కారుకి తగిలించే లైటు మీద "12 వోల్టులు" అని మాత్రమే ఉంటే సరిపోదు. ఇంజన్ నడిచేటప్పుడు వచ్చే 14కి పైబడిన వోల్టేజీని తట్టుకోవాలి. 10 నుంచి 30 వోల్టుల దాకా తీసుకుంటుందని రాసినవి నిశ్చింతగా వాడొచ్చు.

టెంటు దాకా వైరు లాగాలి. ఎంత మందం వైరు కావాలి?

వోల్టేజీ తక్కువైనకొద్దీ వైరు విషయంలో జాగ్రత్త ఎక్కువ కావాలి. అదే వాట్లకి ఎక్కువ కరెంటు ప్రవహిస్తుంది, అందువల్ల వైరులో పోయే వోల్టేజీ కూడా ఎక్కువే.

బ్యాటరీ నుంచి లైట్ల దాకా 10 మీటర్లనుకోండి. పోనూ రానూ కరెంటు తిరిగేది 20 మీటర్లు. 0.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరైతే దాని నిరోధం సుమారు 0.7 ఓమ్‌లు. 24 వాట్ల లైట్లు 2 ఆంపియర్లు తీసుకుంటాయి. 1.4 వోల్టులు దారిలోనే పోయి, 12లో 10.6 మాత్రమే అవతలికి చేరతాయి. లోపల సర్క్యూట్ లేని ఎల్‌ఈడీ స్ట్రిప్ అయితే చూడగానే మందకొడిగా కనిపిస్తుంది. 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వాడితే పోయేది అర వోల్టే.

యూఎస్‌బీ లైట్లతో ఇది ఇంకా కష్టం, అక్కడ ఉన్నదే 5 వోల్టులు. సన్నటి ఫోన్ కేబుల్‌ని 5 మీటర్లు పొడిగిస్తే అర ఆంపియర్‌కే ఒక వోల్టు దాకా పోవచ్చు. అందుకే 5 వోల్టుల లైట్లకి పవర్ బ్యాంక్‌ని లైటు పక్కనే వేలాడదీయండి. దూరం వెళ్లాల్సినవన్నీ 12 వోల్టుల మీద ఉంచండి.

12 వోల్టులు షాక్ కొట్టదు కదా, ఫ్యూజు ఎందుకు?

పొడి చేతులతో ముట్టుకుంటే షాక్ కొట్టదు, నిజమే. ప్రమాదం నిప్పుతో. 12 వోల్టుల బ్యాటరీ కొనలు రెండూ కలిసిపోతే పదులు, వందల ఆంపియర్లు పారతాయి. సన్నటి వైరు ఎర్రగా కాలి పైతొడుగు కరుగుతుంది, అది టెంటు గుడ్డ పక్కనే ఉంటుంది. ఫ్యూజుని బ్యాటరీ ప్లస్ కొనకి వీలైనంత దగ్గరలో పెట్టాలి, లైటు దగ్గర కాదు. 2 ఆంపియర్ల లైట్లకి 3 ఆంపియర్ల ఫ్యూజు చాలు.

పసుపు కాంతి మంచిదా, తెల్ల కాంతా? పురుగుల సంగతేంటి?

కాంతి ఛాయని కెల్విన్లలో చెబుతారు. 2700 నుంచి 3000 కెల్విన్ల పసుపుఛాయ వెలుతురు సాయంత్రాలకి హాయిగా ఉంటుంది. 6000 దాటిన నీలిఛాయ తెలుపు అదే బ్యాటరీతో కాస్త ఎక్కువ ల్యూమెన్లు ఇస్తుంది గానీ పురుగుల్ని ఎక్కువగా పిలుస్తుంది. చాలా పురుగుల కళ్లు అతినీలలోహిత, నీలి, ఆకుపచ్చ కాంతికి బాగా స్పందిస్తాయి, పసుపు, ఎరుపు వైపు పోయేకొద్దీ వాటికి ఆసక్తి తగ్గుతుంది. దోమలు మాత్రం ప్రధానంగా మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌నీ ఒంటి వాసననీ పట్టుకుని వస్తాయి. వాటికి దోమతెర కావాలి, లైటు రంగు మారిస్తే పోవు.

రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే సీఆర్‌ఐ అంకెని ఎవరూ పట్టించుకోరు, అది నాకు బాధ. 90 దాటిన లైటులో వండేవాటి రంగు ఉన్నదున్నట్టు కనిపిస్తుంది, గాయం చుట్టూ ఎరుపెక్కిందో లేదో తెలుస్తుంది. వంట దగ్గరి లైటుకీ ప్రథమ చికిత్స పెట్టెలో పెట్టే లైటుకీ అది చూసి కొనండి.

ఎర్ర లైటు మోడ్ ఎందుకిస్తారు?

కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఒక్కసారి తెల్ల లైటు పడితే మళ్లీ మొదటికొస్తుంది. చీకట్లో చూసే కంటి కణాలకి ముదురు ఎరుపు దాదాపు కనిపించదు, కాబట్టి మందమైన ఎర్ర వెలుతురులో చెప్పులు వెతుక్కున్నా ఆ అలవాటు చెడదు. నక్షత్రాలు చూడటానికి వెళ్లేవాళ్లకి ఇది తప్పనిసరి. తెల్ల లైటు దాటకుండా నేరుగా ఎరుపులోకి వెళ్లే బటన్ ఉందో లేదో చూడండి. చాలా లైట్లలో అది ఉండదు.

వానకి తట్టుకుంటుందా?

నీటిని ఎంత తట్టుకుంటుందో లైటు మీద ఐపీఎక్స్ అనే రేటింగ్ చెబుతుంది. ఐపీఎక్స్4 అంటే అన్ని వైపుల నుంచి చిందే నీటికి ఓర్చుకుంటుంది. మామూలు వానకి చాలు. పడవల్లో తిరిగేవాళ్లు ఐపీఎక్స్7 చూసుకోవాలి, అది మీటరు లోతు నీళ్లలో అరగంట ఉండగలదు. ఛార్జింగ్ రంధ్రానికి రబ్బరు మూత ఉంటే ఈ హామీ మూత గట్టిగా మూసి ఉన్నప్పుడే వర్తిస్తుంది. కొనేటప్పుడు ఆ మూతని రెండు మూడుసార్లు తీసి పెట్టి చూడండి. వదులుగా ఊగుతుంటే ఆ రేటింగ్ ఎన్నాళ్లో నిలవదు.

సోలార్ లాంతర్లు పనికొస్తాయా?

అదనపు ఆసరాగా పనికొస్తాయి, వాటి ఒక్కదాని మీదే ఆధారపడితే కష్టం. లాంతరు నెత్తిన పట్టేంత పలక చిన్నది, రోజంతా నేరుగా ఎండ తగిలితేనే నిండుతుంది. మబ్బు పట్టినా, చెట్టు నీడ పడినా, కారు అద్దం వెనక పెట్టినా బాగా తగ్గిపోతుంది. కారు లోపల ఎండలో పెడితే ఇంకో ప్రమాదం కూడా ఉంది. లిథియం అయాన్ సెల్లుల్ని 45 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో ఛార్జ్ చేయకూడదు. యూఎస్‌బీతో కూడా ఛార్జ్ అయ్యేదే కొని, ఇంటి దగ్గరే నింపుకుని బయల్దేరండి.

ఒక్క లైటే కొనగలను. ఏది కొనను?

హెడ్‌ల్యాంప్. ఇంకో ఆలోచన అక్కర్లేదు. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, టెంటు మేకులు కొట్టొచ్చు, వండొచ్చు, రాత్రి బయటికి వెళ్లొచ్చు. లాంతరు కావాలంటే దాన్ని నీళ్లు నింపిన తెల్లటి మసకరంగు సీసాకి, లైటు లోపలికి తిరిగేలా పట్టీతో చుట్టండి. సీసా మొత్తం మెత్తగా వెలుగుతుంది, బల్లకి అది చాలు. లాంతరుతో హెడ్‌ల్యాంప్ పని మాత్రం కాదు.

రెండోది కొనగలిగితే పైన కొక్కెం ఉన్న చిన్న లాంతరు. కళ్ల ఎత్తుకి పైన వేలాడదీయండి. బల్ల మీద నిలబెడితే వెలుతురు నేరుగా కళ్లలో కొడుతుంది, ఎదుటివాళ్ల మొహం కూడా కనిపించదు.

టెంటులో కిరోసిన్, గ్యాసు లాంతరు వెలిగించొచ్చా?

వద్దు. గుడ్డకి అంటుకుంటుంది, అంటుకోకపోయినా కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

చలి ప్రాంతాలకి వెళ్తుంటే?

మామూలు ఆల్కలైన్ సెల్లులు చలిలో చాలా బలహీనపడతాయి. ఒకసారి వాడి పారేసే లిథియం పెన్సిల్ సెల్లులు మైనస్ 40 డిగ్రీల దాకా పనిచేస్తాయి, బరువూ తక్కువ. రీచార్జ్ అయ్యే లిథియం సెల్లుల్ని సున్నా డిగ్రీల కింద ఛార్జ్ చేస్తే శాశ్వతంగా దెబ్బతింటాయి. రాత్రి లైటునీ పవర్ బ్యాంక్‌నీ స్లీపింగ్ బ్యాగ్‌లో మీతోపాటే పడుకోబెట్టుకోండి.

విమానంలో తీసుకెళ్లొచ్చా?

విడి లిథియం సెల్లులు, పవర్ బ్యాంకులు చేతి సంచిలోనే ఉండాలి, లగేజీలో వేయకూడదు. 100 వాట్ అవర్ల లోపువి సాధారణంగా ఒప్పుకుంటారు. 100 నుంచి 160 మధ్యవాటికి విమాన సంస్థ అనుమతి కావాలి. లైటు సంచిలో దానంతటదే వెలగకుండా లాక్ వేయండి. లాక్ లేకపోతే టార్చి వెనక మూతని అర చుట్టు వదులు చేస్తే చాలా రకాలు వెలగవు.

నా వెలుతురు పక్కవాళ్లకి, జంతువులకి ఇబ్బందా?

పైకి, పక్కలకి చిమ్మే లైటు ఇబ్బందే. కిందికి తిప్పండి, తగ్గించండి, పని అయ్యాక ఆర్పేయండి. ఎవరితోనైనా మాట్లాడేటప్పుడు హెడ్‌ల్యాంప్‌ని నేలకి వంచడం కనీస మర్యాద. సముద్రపు ఒడ్డున తాబేళ్లు గుడ్లు పెట్టే కాలమైతే తెల్ల లైటు అసలు వేయొద్దు. గుడ్లలోంచి వచ్చే పిల్లలు వెలుగు ఎటుంటే అదే సముద్రమనుకుని అటే పాకుతాయి. దారి తప్పి, తెల్లారేసరికి ఎండకి ఎండిపోయో పక్షుల పాలబడో చస్తాయి.

తిరిగొచ్చాక లైట్లని ఎలా దాచాలి?

పెన్సిల్ సెల్లులు బయటికి తీసేయండి, నెలల తరబడి లోపల ఉంటే కారతాయి. లిథియం బ్యాటరీలని పూర్తిగా నింపిగానీ, పూర్తిగా ఖాళీ చేసిగానీ దాచొద్దు. సగం దగ్గర ఉంచి, చల్లటి పొడిచోట పెట్టి, మూడు నాలుగు నెలలకోసారి చూసుకోండి. లెడ్ యాసిడ్‌ది దీనికి పూర్తిగా వ్యతిరేకం, ఎప్పుడూ నిండుగానే ఉండాలి. మూతల చుట్టూ ఉన్న రబ్బరు రింగుల్ని తుడిచి కొద్దిగా సిలికోన్ గ్రీజు రాయండి. ఏ సెల్లయినా ఉబ్బినట్టు కనిపిస్తే ఇంకోసారి ఛార్జ్ పెట్టకుండా బ్యాటరీలు సేకరించే చోట ఇచ్చేయండి, చెత్తబుట్టలో వేయకండి.